జ్వరానికి సూది అడిగే మనిషి ఇన్సులిన్ ఎందుకు వద్దంటాడు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: నాన్నగారికి 62 ఏళ్ళు, పన్నెండేళ్ళుగా షుగర్ ఉంది. చుట్ట మానేసినా దాని వల్ల వచ్చిన ఆయాసం, సీఓపీడీ, మిగిలింది. డాక్టరు ఇన్సులిన్, ఇన్హేలర్ రాశారు. ఆయన రెండూ వద్దంటున్నారు, బిళ్ళలైతే ఎన్నైనా మింగుతానంటున్నారు. కానీ ఒళ్ళు వెచ్చబడితే చాలు ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకుంటారు, నీరసమంటే సెలైన్ ఎక్కించుకుని వస్తారు. బిళ్ళలతోనే నెట్టుకు రాలేమా, లేకపోతే ఆయన్ని ఎలా ఒప్పించాలి అన్నది మీ ప్రశ్న.

దీన్ని మొండితనం అనుకుంటే దారి దొరకదు. సూదంటే భయమున్న మనిషి అడిగి మరీ తుంటికి వేయించుకోడు. కాబట్టి ఆయన వద్దంటున్నది సూదిని కాదు. జ్వరానికి సూది ఇంకొకరు వేస్తారు. ఒక్కసారితో అయిపోతుంది, సాయంత్రానికి ఒళ్ళు తేలికవుతుంది. ఇన్సులిన్ అలా కాదు, తన పొట్టలో తానే, అదీ రోజూ, పొడుచుకోవాలి. పొడుచుకున్నాక వెంటనే తెలిసే సుఖమేమీ ఉండదు, పైగా జబ్బు ముదిరిందన్న సంగతి పొద్దున్నే గుర్తుకొస్తుంది. ఇన్హేలర్ నలుగురిలో బయటికి తీయాలంటే నామోషీ. ఎవరి కంటా పడకుండా నోట్లో వేసుకోగలిగింది బిళ్ళ ఒక్కటే. ఇలాంటి లెక్క దాదాపు ప్రతి రోగి మనసులోనూ ఉంటుంది. పైకి చెప్పేవాళ్ళు తక్కువ.

మీ నాన్నగారి విషయంలో ఇంకో చిక్కుంది. ఇన్హేలర్, ఇన్సులిన్, ఆర్ఎంపీ సూది, ఈ మూడూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. ఇన్హేలర్ వాడకపోతే ఆయాసం మాటిమాటికీ తిరగబెడుతుంది. తిరగబెట్టినప్పుడల్లా స్టెరాయిడ్ బిళ్ళలో సూదో పడుతుంది. స్టెరాయిడ్ పడగానే షుగర్ ఎగబాకుతుంది, ఇన్సులిన్ అవసరం పెరుగుతుంది. ఆర్ఎంపీ వేసే జ్వరం సూదిలో కూడా చాలాసార్లు డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడే కలిసి ఉంటుంది. అంటే ఆయన ఇష్టపడేది, ఆయన వద్దంటున్న దాన్నే దగ్గరికి లాక్కొస్తోంది. ఈ ఒక్క సంగతి ఆయనకు అర్థమైతే సగం పని అయినట్టే. అందుకే ముందు ఆ సూది సంగతి చూద్దాం.

జ్వరానికి కండకు వేసే పారాసిటమాల్ ఇంజెక్షన్ మన దగ్గర సాధారణంగా ఎం.ఎల్.కు 150 మి.గ్రా. చొప్పున వస్తుంది. 2 ఎం.ఎల్. వేస్తే ఒంట్లోకి వెళ్ళేది 300 మి.గ్రా. ఇంట్లో ఉన్న బిళ్ళ 650 మి.గ్రా. సూదిలో ఉన్న మందు బిళ్ళలో సగం కూడా లేదు. ఖాళీ కడుపున బిళ్ళ వేసుకుంటే అరగంట నుంచి గంటలోపు పని మొదలుపెడుతుంది. ఆర్ఎంపీ దగ్గరికి వెళ్ళి, కూర్చుని, వేయించుకుని వచ్చేసరికి ఆ గంటా అక్కడే గడిచిపోతుంది. మరి 'సూది వేస్తేనే తగ్గింది' అని ఎందుకనిపిస్తుంది? కొంత డెక్సామెథాసోన్ వల్ల. అది జ్వరాన్నీ ఒళ్ళు నొప్పుల్నీ గబగబా అణిచేస్తుంది, ఆకలి పుట్టిస్తుంది, హుషారు తెస్తుంది. జబ్బు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. షుగరున్న మనిషికి ఆ సూది తర్వాత రెండు మూడు రోజులపాటు, ముఖ్యంగా మధ్యాహ్నం తర్వాత, షుగర్ బాగా పెరుగుతుంది. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే ఒక పని చేయండి. ఈసారి ఆయన సూది వేయించుకుని వచ్చిన రోజు సాయంత్రం, మర్నాడు సాయంత్రం షుగర్ చూసి కాగితం మీద రాసి ఆయన చేతికివ్వండి. మీరు ఎన్ని మాటలు చెప్పినా ఆ అంకెల్లా ఎక్కవు.

నొప్పులకు వేసే డైక్లోఫెనాక్ 75 మి.గ్రా. సూది గురించి మరింత గట్టిగా చెప్పాలి. వానాకాలంలో వచ్చే జ్వరం డెంగీ కావచ్చు. అప్పుడు ప్లేట్‌లెట్లు తగ్గి ఉంటాయి. కండకు వేసే ఏ సూదైనా లోపల రక్తం గడ్డకట్టి బొబ్బలా వాచే ప్రమాదం ఉంది. డైక్లోఫెనాక్ కడుపులో రక్తస్రావాన్ని కూడా పెంచుతుంది, షుగర్ వల్ల ముందే అలిసిపోయిన కిడ్నీని ఇంకా దెబ్బతీస్తుంది. జ్వరానికి పారాసిటమాల్ బిళ్ళే ఇవ్వండి, నొప్పి సూది వేయించకండి. తుంటి మీద చోటు తప్పి లోపలి వైపు వేస్తే సయాటిక్ నరానికి తగిలి పాదం ఈడ్చే పరిస్థితి రావచ్చు. షుగరున్నవాళ్ళకు సూది పడిన చోట చీము పట్టడమూ ఎక్కువే. ఇక ఒకే సిరంజి పదిమందికి వాడితే ఏమవుతుందో చెప్పడానికి 2009లో గుజరాత్‌లోని మొడాసాలో వ్యాపించిన హెపటైటిస్ బి, 2014 చివర్లో కంబోడియాలోని రోకా గ్రామంలో బయటపడిన హెచ్ఐవీ కేసులు చాలు. ఎప్పుడైనా సూది తప్పనిసరైతే సిరంజి కవరు మీ కళ్ళముందు చించమనండి. అలా అడగడంలో మర్యాద తప్పిందేమీ లేదు.

సెలైన్ గురించి కూడా అంకెల్లోనే చూడండి. 500 ఎం.ఎల్. నార్మల్ సెలైన్ సీసాలో నాలుగున్నర గ్రాముల ఉప్పు ఉంటుంది, మిగతాది నీళ్ళు. 5 శాతం గ్లూకోజు సీసా అయితే అదే 500 ఎం.ఎల్.లో 25 గ్రాముల గ్లూకోజు, అంటే ఐదారు చెంచాల చక్కెర. అందులో విటమిన్లు లేవు, బలం లేదు. పసుపు రంగు కనపడితే అది బీ కాంప్లెక్స్ కలిపినది. షుగరున్న మనిషి నరానికి చక్కెర ఎక్కించుకుని బలం వచ్చిందనుకోవడం ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకు సీసా గబగబా ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం పెరుగుతుంది. సీఓపీడీ ఉన్న మనిషిలో అది మామూలు ఆయాసమేలే అని వదిలేసే ప్రమాదం ఉంది. ఏది తాగినా వాంతి అవుతున్నప్పుడు, తెలివి తప్పుతున్నప్పుడు, బీపీ పడిపోయినప్పుడు, డెంగీలో కడుపునొప్పి, రక్తస్రావం లాంటి ప్రమాద సూచనలు కనపడినప్పుడు సెలైన్ ప్రాణం నిలుపుతుంది. అవన్నీ ఆసుపత్రిలో బీపీ చూస్తూ చేయాల్సిన పనులు.

విరేచనాలకైతే ఓఆర్ఎస్. లీటరు నీళ్ళకు 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు, ఒకటిన్నర గ్రాము పొటాషియం క్లోరైడు, 2.9 గ్రాముల సిట్రేటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ఇది. షుగరున్నా విరేచనాలైనప్పుడు తాగొచ్చు, ఆ గ్లూకోజు ఉప్పును పేగు లోంచి లోపలికి లాగడానికే. లీటరు ప్యాకెట్టు గ్లాసు నీళ్ళలో కలపడం మన ఇళ్ళలో అతి సాధారణంగా జరిగే పొరపాటు. చిక్కగా కలిపితే విరేచనాలు పెరుగుతాయి. తియ్యటి డబ్బా పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న పేరు వాడకూడదని ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. కొనేటప్పుడు ప్యాకెట్టు మీద ఆ కొలతలు ఉన్నాయో లేదో చూడండి.

ఇక ఇన్సులిన్. దానికి బిళ్ళ ఎందుకు లేదని ఆయన అడిగితే సూటిగా చెప్పండి. ఇన్సులిన్ మాంసకృత్తు. కడుపులో పడితే గుడ్డు అరిగినట్టే అరిగిపోతుంది, రక్తంలోకి చేరదు. 1921లో కనిపెట్టినప్పటి నుంచీ దాన్ని మింగించాలని ప్రయత్నాలు జరుగుతూనే ఉన్నాయి. పీల్చే ఇన్సులిన్ ఒకటి 2006లో అమెరికాలో అమ్మకానికి వచ్చి మరుసటి ఏడే వెనక్కి పోయింది. సూది వద్దనేవాళ్ళంతా ఎగబడతారనుకున్నారు. తీరా చూస్తే పరికరం పెద్దది, ఖర్చెక్కువ, డోసు సరిచూసుకోవడం కష్టం. మనుషులు వద్దంటున్నది ఒక్క సూదినే కాదని అప్పుడు తేలింది. ఇప్పుడు ఇంకో రకం పీల్చే ఇన్సులిన్ ఉంది, మన దేశంలో 2024 డిసెంబరులో అనుమతి కూడా వచ్చింది. కానీ ఆస్తమా, సీఓపీడీ ఉన్నవాళ్ళు దాన్ని వాడకూడదు, ఊపిరితిత్తుల గొట్టాలు ఒక్కసారిగా బిగుసుకుంటాయి. కాబట్టి మీ నాన్నగారికి అది దారి కాదు. ఎవరైనా వాట్సాప్‌లో పంపితే ఆశపడకండి. షుగర్‌కు సెమాగ్లుటైడ్ అనే బిళ్ళ ఉంది కదా అంటారు, అది ఇన్సులిన్ కాదు. దాన్ని పరగడుపున సగం గ్లాసు, అంటే 120 ఎం.ఎల్. మించని నీళ్ళతో మింగి, అరగంట దాకా ఏమీ తినకుండా, వేరే బిళ్ళలు కూడా వేసుకోకుండా ఉండాలి. పొద్దున్నే మంచం మీదే కాఫీ తాగే మనిషికి ఇది సూదికన్నా కష్టమైన నియమం. ఆయనకు పనికొస్తుందో లేదో డాక్టరు చెప్పాలి.

ఆయన తుంటికి వేయించుకునే 23 గేజి సూది 25 మి.మీ. పొడవు, 0.6 మి.మీ. లావు. ఇన్సులిన్ పెన్నుకు తగిలించే 32 గేజి సూది 4 మి.మీ. పొడవు, 0.23 మి.మీ. లావు. పక్కపక్కన పెట్టి చూపించండి. తర్వాత మందు లేకుండా ఉత్త సూదిని మీరు మీ పొట్టకు గుచ్చుకుని చూపించండి, ఆయన్నీ ఒకసారి గుచ్చుకోమనండి. 'ఇంతేనా' అనేవాళ్ళే ఎక్కువ. ఈ ఉత్త సూది పరీక్ష క్లినిక్‌లోనే డాక్టరో నర్సో చేయించగలిగితే ఇంకా మంచిది.

'ఇన్సులిన్ మొదలుపెడితే కిడ్నీలు పోతాయి, కాళ్ళు తీసేస్తారు' అన్న భయం వెనక ఒక కారణం ఉంది. ఊళ్ళో ఎవరో ఇన్సులిన్ మొదలుపెట్టిన ఏడాదికి డయాలసిస్‌కు వెళ్ళి ఉంటారు. అప్పటికే ఆలస్యమైపోయింది కాబట్టే వాళ్ళకు ఇన్సులిన్ ఇచ్చారు. పన్నెండేళ్ళు దాటిన షుగర్‌లో క్లోమం అలిసిపోతుంది, బిళ్ళలు దాన్ని ఎంత తరిమినా పరిగెత్తలేదు. ఆయన తప్పు చేశారు కాబట్టి ఇన్సులిన్ పడిందని మాత్రం ఇంట్లో ఎవరూ అనకూడదు. ఈ ఒక్క మాట చాలామందిని ఏళ్ళ తరబడి ఇన్సులిన్‌కు దూరం చేస్తుంది.

డాక్టరును ఒకటి అడగండి: రాసింది రోజుకు రెండుసార్లు వేసే 30/70 మిశ్రమమైతే (త్వరగా పనిచేసే ఇన్సులిన్, నెమ్మదిగా పనిచేసే ఇన్సులిన్ కలిపినది), దాని బదులు రోజుకు ఒక్కసారి వేసే నెమ్మది ఇన్సులిన్‌తో, పాత బిళ్ళల్లో కొన్ని కొనసాగిస్తూ మొదలుపెట్టడం కుదురుతుందా అని. బిళ్ళలు ఇష్టపడే మనిషికి ఇది సగం దారిలో ఎదురెళ్ళడం. సాధారణంగా 10 యూనిట్లతో మొదలుపెట్టి, పరగడుపు షుగర్ చూస్తూ, మూడు రోజులకోసారి 2 యూనిట్ల చొప్పున డాక్టరు పెంచుతారు. సాధారణ 30/70 మిశ్రమమైతే తిండికి అరగంట ముందు వేసుకోవాలి, వేసుకున్నాక తినకుండా పొలానికి వెళ్తే షుగర్ పడిపోతుంది. వేళకు తినని మనిషికి ఏది సరిపోతుందో ఇక్కడే తేలుతుంది, అందుకే ఆయన రోజు ఎలా గడుస్తుందో డాక్టరుకు దాచకుండా చెప్పాలి.

సీసా చవక, పెన్ను తేలిక. కానీ లెక్క ఇంకొంచెం లోతుగా చూడాలి. మన దగ్గర మామూలు సీసా ఎం.ఎల్.కు 40 యూనిట్లది, 10 ఎం.ఎల్. సీసాలో 400 యూనిట్లు. పెన్ను గొట్టం ఎం.ఎల్.కు 100 యూనిట్లది, 3 ఎం.ఎల్.లో 300 యూనిట్లు. తెరిచాక ఎక్కువ రకాలు 28 రోజులే వాడాలి, పెట్టె మీద రాసి ఉంటుంది. రోజుకు 10 యూనిట్లు వేసే మనిషి 28 రోజుల్లో సీసాలో 280 వాడి 120 పారేయాలి. పెన్నులో అయితే మందు వస్తోందో లేదో చూడటానికి ప్రతిసారీ బయటికి వదిలే 2 యూనిట్లతో కలిపి రోజుకు 12, పాతిక రోజుల్లో చక్కగా అయిపోతుంది. డోసు పెరిగేకొద్దీ సీసాకు లాభం. 62 ఏళ్ళ కళ్ళకు సిరంజి మీద సన్నటి గీతలు కనపడకపోతే ఆ లాభానికి అర్థం లేదు. పెన్ను తిప్పితే టిక్కు టిక్కుమని యూనిట్లు చెవికి కూడా వినపడతాయి.

సీసాయే తీసుకుంటే ఒక ప్రమాదం గుర్తుపెట్టుకోండి. ఎర్ర మూత సిరంజి 40 సీసాకు, నారింజ మూత సిరంజి 100 సీసాకు. 40 సీసాలోంచి నారింజ సిరంజితో 20 గీత దాకా లాగితే లోపలికి వెళ్ళేది 8 యూనిట్లే, షుగర్ ఎందుకు తగ్గట్లేదో ఎవరికీ అర్థం కాదు. పెన్ను గొట్టంలోంచి ఎర్ర సిరంజితో 20 గీత దాకా లాగితే వెళ్ళేది 50 యూనిట్లు. ఇది ప్రాణం మీదికి తెస్తుంది. పెన్ను పాడైందని గొట్టంలోంచి సిరంజితో ఎప్పుడూ లాగకండి. మందుల షాపులో సిరంజి కొనేటప్పుడు సీసా వెంట తీసుకెళ్ళండి.

పెన్ను వాడే పద్ధతి ఇది. మిశ్రమ ఇన్సులిన్ తెల్లగా మసకగా ఉంటుంది కాబట్టి అరచేతుల మధ్య పది సార్లు దొర్లించి, పది సార్లు తిరగేసి కలపాలి, గట్టిగా ఊపకూడదు. స్పష్టంగా ఉండే రకానికి ఇది అక్కర్లేదు. కొత్త సూది బిగించి, 2 యూనిట్లు తిప్పి, సూదిని పైకి పట్టుకుని నొక్కితే కొనన ఒక బొట్టు రావాలి. రాకపోతే మళ్ళీ నొక్కాలి. తర్వాత డోసు తిప్పి, బొడ్డుకు మూడు నాలుగు వేళ్ళ దూరంలో పొట్ట మీద నిటారుగా గుచ్చి, బొటనవేలితో పూర్తిగా నొక్కి, పది లెక్కపెట్టాకే బయటికి తీయాలి. 4 మి.మీ. సూదికి చర్మం పైకి పట్టనవసరం లేదు, మరీ సన్నగా ఉన్నవాళ్ళు తప్ప. తీశాక చర్మం మీద మందు తడి కనపడితే తొందరగా తీశారని అర్థం. రోజూ ఒక వేలు వెడల్పు పక్కకు జరుపుతూ వేయాలి. నొప్పి తెలియదని ఒకే చోట వేస్తూ పోతే అక్కడ మెత్తటి గడ్డ కడుతుంది. ఆ గడ్డలోంచి ఇన్సులిన్ ఒకరోజు పీలుస్తుంది, ఒకరోజు పీల్చదు. షుగర్ కారణం లేకుండా ఎగిరెగిరి పడుతుంటే ముందు పొట్ట తడిమి చూడండి, డోసు సంగతి తర్వాత.

సూది ఒక్కసారికే. ఖర్చు చూసుకుని చాలామంది తిరిగి వాడుతున్నారు, ఆ సంగతి దాచి లాభం లేదు. వాడేకొద్దీ మొన వంగి నొప్పి, గడ్డలు పెరుగుతాయి. ఏమైనా సూదిని పెన్నుకు తగిలించి వదిలేయకూడదు. ఎండకు మందు కారి గాలి లోపలికి చేరుతుంది, మర్నాడు డోసు తక్కువ పడుతుంది. వాడిన సూదులు గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, నిండాక ఆసుపత్రిలో ఇవ్వండి. చెత్తలో వేస్తే చెత్త ఎత్తే మనిషి చేతికి గుచ్చుకుంటుంది.

తెరవని ఇన్సులిన్ ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య. తలుపు అరలో పెట్టండి, గడ్డకట్టే పెట్టెకు ఆనుకుని వద్దు, ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. వాడుతున్నది 30 డిగ్రీల లోపు బయటే ఉంచొచ్చు. కానీ మే నెలలో మన ఇళ్ళు 30లో ఉండవు. ఫ్రిజ్ లేకపోతే పెద్ద మట్టికుండలో తడి ఇసుక పోసి, మధ్యలో చిన్న కుండ పెట్టి, దాంట్లో నీరు చొరని కవర్లో ఇన్సులిన్ ఉంచి, పైన తడిగుడ్డ కప్పండి. తెలంగాణ, రాయలసీమ పొడి ఎండలో ఇది బాగా చల్లబడుతుంది. కోస్తాలో ఉక్క ఎక్కువ కాబట్టి నీరు తక్కువగా ఆవిరవుతుంది, చల్లదనమూ తగ్గుతుంది. అక్కడ ఫ్రిజ్ మీదే ఆధారపడటం మేలు.

ఇన్సులిన్ మొదలుపెట్టిన ఇంట్లో అందరికీ తెలియాల్సిందొకటుంది. చెమటలు, వణుకు, విపరీతమైన ఆకలి, మాట తడబాటు కనపడి షుగర్ 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల చక్కెరో గ్లూకోజో నీళ్ళలో కలిపి తాగించి, పావుగంటకు మళ్ళీ చూడాలి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

ఆయాసం విషయంలో బిళ్ళల మీద ఇష్టం నేరుగా హాని చేస్తుంది. సాల్బుటమాల్ ఇన్హేలర్ ఒక్కో నొక్కుకు 100 మైక్రోగ్రాములు, రెండు నొక్కులు 200. అదే మందు బిళ్ళ 4 మి.గ్రా., అంటే ఇరవై రెట్లు. ఊపిరితిత్తులకు చేరాల్సిన మందు ఒళ్ళంతా తిరిగి చేరాలి కాబట్టి అంత కావాలి. అందుకే బిళ్ళ వేసుకున్నవాళ్ళకు చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది. ఆయాసానికి ఇచ్చే థియోఫిల్లిన్ అనే మందు ఉన్న బిళ్ళల్లో పనిచేసే డోసుకూ విషమయ్యే డోసుకూ మధ్య ఎడం చాలా తక్కువ. దాంతోపాటు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ పడితే రక్తంలో థియోఫిల్లిన్ పెరిగి వాంతులు, గుండె లయ తప్పడం, ఫిట్స్ దాకా వెళ్ళొచ్చు. ఆయాసం ముదిరినప్పుడు ఇచ్చే ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ బిళ్ళ రోజుకు 40 మి.గ్రా. చొప్పున ఐదు రోజులు. ఆ ఐదు రోజులూ షుగర్ ఎక్కడ ఉంటుందో మీకే తెలుసు.

'ఇన్హేలర్‌కు అలవాటు పడిపోతాం' అంటారు. అలవాటు అయ్యేది మందు కాదు, జబ్బు రోజూ ఉంటుంది కాబట్టి మందూ రోజూ కావాలి. కళ్ళజోడు పెట్టుకుంటే కళ్ళజోడుకు అలవాటు పడ్డామని మానేయం కదా. మన ప్రాంతంలో మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో కొర్రమీను చేప ప్రసాదం కోసం ఎక్కడెక్కడి నుంచో ఆయాసం ఉన్నవాళ్ళు వస్తారు. మింగితే లోపలికి వెళ్ళి బాగుచేస్తుందన్న నమ్మకం అంత లోతైనది. నాన్నగారికి ఆ నమ్మకం ఉంటే దానితో వాదానికి దిగకండి. ఇన్హేలర్ మాత్రం ఆపకూడదని, జేబులో పెట్టుకునే వెళ్ళమని చెప్పండి. ఆ రద్దీలో, ఆ దుమ్ములో ఆయాసం వస్తే ఆదుకునేది అదే.

పరికరం ఎంచుకోవడంలో ఆయన ఇష్టంకన్నా ముందు ఆయన ఊపిరి చూడాలి. నొక్కే ఇన్హేలర్‌ను నిదానంగా, నాలుగైదు సెకన్లు లోతుగా పీల్చాలి. పొడి పీల్చే రోటాహేలర్ లాంటివాటిని వేగంగా, బలంగా పీల్చాలి. పద్ధతులు పూర్తిగా ఎదురెదురు. రెండూ ఇంట్లో ఉంటే తారుమారు కావడం ఖాయం. బలంగా పీల్చలేని మనిషికి పొడి గొంతులోనే ఆగిపోతుంది. అలాంటివాళ్ళకు నొక్కే ఇన్హేలర్‌కు స్పేసర్ అనే బోలు ప్లాస్టిక్ గొట్టం తగిలించడమే మంచిది, నొక్కడానికీ పీల్చడానికీ ముడి వేయక్కర్లేదు. ఇన్హేలర్‌ను ఊపి, స్పేసర్‌కు తగిలించి, ఊపిరి వదిలి, నోట్లో పెట్టుకుని, ఒక్కసారి నొక్కి, నిదానంగా ఒక లోతైన ఊపిరి పీల్చి పది లెక్కపెట్టేదాకా బిగబట్టాలి. అంత బిగబట్టలేకపోతే మామూలుగా ఐదారు ఊపిర్లు తీసుకోవచ్చు. రెండో నొక్కు అర నిమిషం తర్వాత. రెండు నొక్కులూ ఒకేసారి స్పేసర్‌లో కొడితే మందు గోడలకే అంటుకుపోతుంది. స్పేసర్‌ను వారానికోసారి సబ్బునీళ్ళలో ముంచి తీసి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరనివ్వాలి. తుడిస్తే ప్లాస్టిక్‌లో పుట్టే విద్యుత్తుకు మందు గోడకు అతుక్కుంటుంది. స్పేసర్ కొనలేని చోట 500 ఎం.ఎల్. ప్లాస్టిక్ సీసా అడుగున ఇన్హేలర్ మూతి బిగుతుగా పట్టేంత రంధ్రం చేసి వాడొచ్చని, పిల్లల ఆయాసంలో అది బాగా పనిచేస్తుందని దక్షిణాఫ్రికా వైద్యులు 1999లోనే చూపించారు.

పొడి రకమే ఇచ్చి ఉంటే క్యాప్సూల్ మింగకూడదని నోటితో చెప్పండి, రాసిచ్చినా సరిపోదు. మింగేవాళ్ళు నిజంగానే ఉన్నారు, బిళ్ళలంటే ఇష్టమున్నవాళ్ళు మరీను. పారదర్శకంగా ఉన్న కొన ముందు లోపలికి వెళ్ళేలా పెట్టి, అడుగు తిప్పి, ఊపిరి బయటికి వదిలి, ఆ వదిలే ఊపిరి పరికరంలోకి పోకుండా చూసుకుని, తర్వాత నోట్లో పెట్టుకుని ఒక్క గుక్కలో లాగాలి. విప్పి చూస్తే పొడి మిగిలి ఉంటే మళ్ళీ పీల్చాలి. స్టెరాయిడ్ ఉన్నదైతే నీళ్ళు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నోట్లో తెల్లపూత, గొంతు బొంగురు వస్తాయి. నలుగురిలో వాడటం నామోషీ అనుకునే మనిషికి రోజుకొకసారి ఇంట్లోనే పీల్చే టయోట్రోపియం లాంటిది కుదురుతుందేమో అడగండి. ప్రొస్టేట్ వల్ల మూత్రం ఆగి ఆగి వచ్చే ఇబ్బంది ఉంటే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి, ఆ మందు దాన్ని పెంచుతుంది.

నెబులైజర్ ఆయనకు నచ్చే అవకాశం ఎక్కువ. పొగ కనపడుతుంది, శబ్దం వస్తుంది, పది నిమిషాలు వైద్యం జరిగినట్టుంటుంది. కానీ ఓ మోస్తరు ఆయాసంలో స్పేసర్‌తో తీసుకున్న ఇన్హేలర్ దానికేమీ తీసిపోదు, కప్పు సరిగా కడగకపోతే క్రిములు నేరుగా ఛాతీలోకి వెళ్తాయి. ఇంట్లో ఉంచుకుంటే ప్రతిసారీ కడిగి ఆరబెట్టండి. ఆయాసం ఎక్కువై మాట పూర్తిగా రాకపోతే, పెదాలు నీలంగా మారితే నెబులైజర్ పెట్టుకుని కూర్చోకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఇక ఆయనకు ఇష్టమైన బిళ్ళలు. పేరు చివర ఎస్ఆర్, ఎక్స్ఆర్, ఈఆర్, సీఆర్ అని ఉన్నవి నలగ్గొట్టకూడదు, నమలకూడదు. రోజంతా కొద్దికొద్దిగా రావాల్సిన మందు ఒక్కసారే వచ్చేస్తుంది. మెట్‌ఫార్మిన్ పెద్ద బిళ్ళ గొంతులో అడ్డం పడుతుందంటే మామూలు రకంగా విడగొట్టి ఇవ్వమని డాక్టరును అడగండి. క్యాప్సూల్ నీళ్ళలో తేలుతుంది కాబట్టి తల వెనక్కి వాల్చకుండా గడ్డం కొంచెం కిందికి వంచి మింగితే సులువు. పడుకుని, గుటక నీళ్ళతో ఏదీ మింగకూడదు, ఆహారనాళంలో అతుక్కుని పుండవుతుంది.

మాట ఎలా మొదలుపెట్టాలని కదా అడిగారు. 'మీరు వేసుకోవాల్సిందే నాన్నా' అని కాకుండా 'దీంట్లో మీకు ఏది కష్టంగా ఉంది' అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా ఆగండి. నొప్పి అంటే 4 మి.మీ. సూది, కనపడట్లేదంటే పెన్ను, నామోషీ అంటే రోజుకొకసారి రాత్రిపూట, ఖర్చంటే సీసా లేదా ప్రభుత్వ ఆసుపత్రి, తానే పొడుచుకోవడం కష్టమంటే మొదటి నెల మీరో అమ్మగారో వేయడం. ఒక్కో కారణానికి ఒక్కో మందు ఉంది, అన్నిటికీ కలిపి ఉపన్యాసం పనిచేయదు. రెండూ ఒకే రోజు మొదలుపెట్టకండి. డాక్టరు ఒప్పుకుంటే ముందు ఇన్హేలర్ మొదలుపెట్టండి. వారం పది రోజుల్లో మెట్లు ఎక్కడం తేలికైందని ఆయనకే తెలుస్తుంది, ఆ నమ్మకం మీద ఇన్సులిన్ నిలబడుతుంది. షుగర్ 300 దాటి ఉంటే, దాహం, బరువు తగ్గడం ఉంటే మాత్రం ఇన్సులిన్ ఆగదు, వెంటనే మొదలుపెట్టాలి.

తర్వాతిసారి డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు పెన్ను, ఇన్హేలర్, స్పేసర్, వేసుకుంటున్న బిళ్ళలు, ఆర్ఎంపీ వేసిన సూదుల ఖాళీ సీసాలు దొరికితే అవి కూడా ఒక సంచిలో వేసుకెళ్ళండి. అక్కడ ఆయన చేతనే పెన్ను తిప్పించి, ఇన్హేలర్ పీల్పించి చూడమని అడగండి. రెండు నిమిషాల పని.